లాగుడు నాగలి

"దాన్ని ముట్టుకోవద్దని చెప్పానా లేదా!"

భర్త కేక వినేసరికి సంపూర్ణమ్మ చేతిలోని అట్లకాడ జారి కిందపడింది. స్టవ్ కట్టేసి పెరట్లోకి పరుగెత్తింది. గేదెల కొట్టం వెనక, దొండపాదు కింద, ఇరవై తొమ్మిదేళ్లుగా తుప్పు పట్టి పడి ఉన్న ట్రాక్టర్ నాగలి దగ్గర తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. దీవెన చేతిలో ఇనప బ్రష్షు. బాలశౌరి చేతిలో... అయ్యో మరియమ్మ తల్లీ, గడ్డపార! గుండెకి స్టెంటు వేసి ఆరు నెలలు కాలేదు, ఆ మనిషి గడ్డపార ఎత్తడమేమిటి!

"నాన్నా, అరవకు. డాక్టరు గారు ఏం చెప్పారు నీకు?" దీవెన అడుగు వెనక్కి వేయలేదు. ఆ పిల్ల విజయవాడలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో వ్యవసాయ యంత్రాల పాఠాలు చెబుతుంది. "ఇట్టాంటి పాత నాగలి మా కాలేజీలో ఒక్కటి కూడా లేదు. బాగుచేయించి తెస్తానని ప్రిన్సిపాల్ గారికి మాటిచ్చాను. ఇక్కడ మట్టిలో కలిసిపోయే బదులు నలుగురు పిల్లలు చూసి నేర్చుకుంటారు కదా!"

"ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేదు! ఇంకోసారి దాని మీద చెయ్యి వేశావంటే ఈ ఇంట్లో నేను మెతుకు ముట్టను!"

సంపూర్ణమ్మ ఆయన చేతిలోంచి గడ్డపార లాక్కుని అవతల పడేసింది. "బాగుంది! మీరు మానేస్తే నేనూ మానేస్తాను. ఇద్దరం కలిసే పోదాం. ఆ నాగలిని మాత్రం దీవెన తీసుకెళ్లాల్సిందే! అది ఈ పెరట్లో ఉన్నన్నాళ్లూ మన బతుకు మారదు!"

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ మొగుడికి ఎదురు చెప్పడం అదే మొదలు. బాలశౌరి భార్య వైపు వింతగా చూశాడు. తర్వాత ఒళ్లంతా సడలిపోయినట్టు గట్టు మీద కూర్చుండిపోయాడు. "సరే, మీ ఇష్టం. తాడు మాత్రం కట్టకండి."

ఏం చెప్పమంటారు ఆ ఇల్లాలి బాధ! హనుమాన్ జంక్షన్‌కి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఒకప్పుడు బాలశౌరి, ఆయన అన్న మరియదాసు కలిసి ఒక ట్రాక్టరు, వేలంలో ఈ పాత నాగలి కొన్నారు. అన్నదమ్ములంటే వాళ్లే అనేవారు అందరూ. ఒకరోజు పొద్దున కాలవ నీళ్లు ముందు ఏ చేనుకి మళ్లించాలనే దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఆ మధ్యాహ్నమే, బండి మీంచి తాడు లాగి పైకి లేపి నిలిపిన నాగలి కింద దూరి రెక్కలకి అంటిన బంకమట్టి గీకుతున్న మరియదాసు మీద ఆ ఇనుమంతా పడిపోయింది. మరి లేవలేదు...

"తాడు లాగింది నేనే" అన్నాడు బాలశౌరి, ఫాదర్ గారి ముందు, పెద్దల ముందు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు. ఊరు అట్లా వెళ్లిపోతుందా? పొద్దున పోట్లాట, మధ్యాహ్నం చావు! 'బండి మీద కూర్చుని కసితో తాడు లాగాడు' అని తేల్చేశారు. కుండకి వాసెన కట్టొచ్చు గానీ లోకం నోటికి కట్టగలమా! అప్పటికే ఊళ్లో మిగతా ట్రాక్టర్లన్నీ లివరు నొక్కగానే నాగలి దింపేవే. తాడు లాగినా అంతేననుకున్నారు అందరూ. సంపూర్ణమ్మ కూడా అంతే అనుకుంది. కాకపోతే పొరపాటున లాగి ఉంటాడని ఆవిడ నమ్మకం. అప్పటికి దీవెన ఆవిడ కడుపులో ఉంది.

మరియదాసు భార్య తెరేసమ్మ ఆరేళ్ల కొడుకు జయపాల్‌ని కొంగులో దాచుకుని సమాధి దగ్గరే ఆన పెట్టింది. "ఆ చేతులతో నా మొగుడి సమాధి ముట్టుకున్నా, కొవ్వొత్తి పెట్టినా నేను బతకను!" అంది. ఆ తర్వాత తోటికోడలి గడప తొక్కలేదు. కొడుకుని ఈ వీధిలోకే రానివ్వలేదు. ఏటా నవంబరు రెండున సమాధుల పండక్కి ఊరంతా పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని సమాధుల దొడ్డికి వెళుతుంది. బాలశౌరి మాత్రం గేటు బయటే ఆగిపోతాడు. తన కొవ్వొత్తి ప్రహరీ గోడ మీద వెలిగించి, అది ఆరేదాకా నిలబడి, తలవంచుకుని ఇంటికొస్తాడు. స్టెంటు వేసిన రోజు ఆసుపత్రిలో ఆయన భార్య చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే... "సంపూర్ణా, నేను పోయేలోగా ఒక్కసారి అన్నయ్య దగ్గర కొవ్వొత్తి పెట్టాలే..."

ఆ ఒక్క కోరిక తీర్చాలని సంపూర్ణమ్మ తపన. ఆ పాడు ఇనుము ఇల్లు దాటితే అక్క మనసు కరుగుతుందేమోనని ఆశ!

*

నెల రోజులు పెరడంతా కిరసనాయిలు వాసన. దీవెన సెలవు దొరికినప్పుడల్లా వచ్చి తుప్పు గీకింది. మొరాయించిన బోల్టులకి రెండేసి రోజులు కిరసనాయిలు గుడ్డలు చుట్టింది. ముందు ఆ పిల్ల కూడా అది మామూలు లిఫ్టు నాగలే అనుకుంది. ట్రాక్టరుకి తగిలించే పైభాగం విరిగి ఎక్కడో పోయిందని దిగులుపడింది. చివరికి ఆటోనగర్ నుంచి నతానియేలు అనే ముసలి మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తుప్పు కింద బయటపడ్డ అంకెల్ని వేళ్లతో తడిమి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"విరగలేదమ్మాయ్, అసలు దీనికి ఆ భాగమే లేదు! ఇది లాగుడు నాగలి. బండి దీన్ని మొయ్యదు, లాగుతుంది. దీని చక్రాలు దీనివే. మా గురువు దగ్గర చూశా, మళ్లీ ఇప్పుడు నీ పుణ్యాన చూస్తున్నా."

బిగుసుకుపోయిన చక్రాలు విప్పి గ్రీజు పెట్టారు. కర్రులు సాన పట్టించారు. తాడు కట్టే కొక్కెం బాగా అరిగిపోయిందని ఆయన లేత్ మీద కొత్తది చేయించి తెచ్చి బిగించాడు. పాతది సంపూర్ణమ్మ కిటికీలో పెట్టింది. బాలశౌరి ఆ నెలంతా వీధి వరండాలోనే, జపమాల చేతిలో, పెరటి వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

పండక్కి ముందు రోజు మధ్యాహ్నం పక్కింటి ట్రాక్టరు తెచ్చి తగిలించారు. దీవెన నడిపింది. కట్టవద్దన్న తాడు బదులు నతానియేలు ఒక ప్లాస్టిక్ దారం కట్టి, పక్కన నడుస్తూ లాగాడు. కిర్రుమని చక్రం తిరిగింది, అంత నాగలీ మోకాలెత్తుకి లేచి నిలబడింది! దీవెన కేరింత కొట్టి బండి ఆపింది. నతానియేలు వంగి నాగలి కిందికి తల పెట్టాడు.

"వద్దు!" సంపూర్ణమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. "బయటికి రండి బాబాయ్ గారూ! దారం తగిలితే పడిపోతుంది! మా బావగారు అట్టాగే..." ఆవిడ అక్కడే కూలబడింది.

నతానియేలు బయటికొచ్చి జాలిగా చూశాడు. "అదా నీ భయం? చూడు." దారం పట్టుకుని బలంగా లాగాడు. ఒకసారి... రెండుసార్లు... మూడుసార్లు! నాగలి చెక్కుచెదరలేదు. "తాడు లాగితే కొక్కెం వదులుతుంది, అంతే. ఇది లేవాలన్నా దిగాలన్నా చక్రం తిరగాలమ్మా. బండి కదలాలి. ఆగున్న బండి మీద పొద్దస్తమానం కూర్చుని లాగినా ఇది దిగదు."

ఆ మాట అర్థమయ్యేందుకు తల్లికన్నా కూతురికి తక్కువసేపు పట్టింది. ముసలాయన వెళ్లిపోయాక దీవెన వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా... అంటే ఆ రోజు తాడు లాగడంతో సరిపోలేదు. బండి కూడా కదిలింది. నాన్న... రెండూ చేశాడా? రెండూ పొరపాటున జరుగుతాయా అమ్మా?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే! మొగుడి మచ్చ చెరిపేద్దామని మొదలుపెట్టిన పని ఆయన్ని హంతకుడిగా నిలబెట్టింది! సంపూర్ణమ్మ కూతురి చెంప పగలగొట్టేదే. చెయ్యి ఎత్తి, దించేసింది. ఇన్నేళ్లు ఆ మనిషి పక్కన పడుకుంది. తాను వండింది ఆయన తిన్నాడు. ఆయనకి జ్వరమొస్తే తను మేలుకుంది... ప్రభువా, నాకు తెలియని మనిషితోనా కాపురం చేసింది!

అటక మీద పాత తాడు ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కట్టొద్దని ఎందుకన్నాడు? నిచ్చెన వేసుకుని ఎక్కి, గోనె సంచి దించింది. మూతి విప్పి తాడు బయటికి లాగింది. చివర పెద్దవాళ్ల చేతికి సరిపడా ముడేసిన పిడి ఒకటి. దానికి జానెడు కింద ఇంకొకటి, చిన్నది... ఆవిడ నాలుగు వేళ్లు కూడా పట్టనంత చిన్నది. దాని చుట్టూ మెత్తగా ఆకుపచ్చ వాయిల్ గుడ్డ!

ఆ గుడ్డ తన చీరదే. "పాత గుడ్డ ఏదన్నా ఇవ్వవే, పిల్లాడి చేతులు ఒరుసుకుపోతున్నాయి" అని అప్పట్లో మొగుడే నవ్వుతూ అడిగి చించుకెళ్లాడు. పిల్లాడు... జయపాల్! పొద్దస్తమానం చిన్నాన్న ఒళ్లో కూర్చుని బండి తిరిగేవాడు. నాగటి చాలు చివరికి రాగానే చిన్నాన్న "లాగరా అబ్బాయ్!" అనేవాడు, వాడు లాగేవాడు...

ఆ రోజు మొగుడు ఇంటికొచ్చినప్పుడు లుంగీ నడుం దాకా తడిసి ఉండడం కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. సంపూర్ణమ్మ తాడు తీసుకెళ్లి వరండాలో ఆయన ఒళ్లో పెట్టింది.

"బండి మీద ఉన్నది మీరు కాదు. అవునా?"

బాలశౌరి ఆ చిన్న పిడిని చూశాడు. జపమాల చేతిలోంచి జారిపోయింది. అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. "రేడియేటర్‌కి నీళ్లు తేవడానికి కాలవలో దిగానే... వాణ్ణి సీట్లోంచి దించకుండా వెళ్లాను. వాలు గట్టు మీద బండి... బ్రేకు ఎప్పుడు వదిలాడో... బారెడు దూరం కదిలింది, అంతే. నే వచ్చేసరికి వాడు తాడు పట్టుకుని నా వైపు చూసి నవ్వుతున్నాడు సంపూర్ణా! సరిగ్గా లాగానా చిన్నాన్నా అని..."

గుమ్మంలో నిలబడి విన్న దీవెన పరుగున వచ్చి తండ్రి కాళ్లు పట్టుకుంది. "నన్ను క్షమించు నాన్నా! రేపే జయపాల్ అన్నయ్యకి చెప్పేస్తాను. ఊరందరి ముందూ చెప్తాను!"

"చెప్పి?" బాలశౌరి తలెత్తాడు. "నాన్నని నువ్వే చంపావని వాడికి చెప్పి నేను కొవ్వొత్తి పెట్టుకోనా? నేర్పింది నేను. పాపం నాదే. నేను చెప్పింది అబద్ధం కాదమ్మా."

*

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వీధిలో మోటార్ సైకిల్ ఆగింది. "ఎవరండీ ఇంట్లో?" అన్న గొంతు విని సంపూర్ణమ్మ గుమ్మంలోకి వచ్చింది. జయపాల్! సొంత పిన్నిని పరాయి మనిషిలా అండీ అంటున్నాడు! వాడికి హనుమాన్ జంక్షన్‌లో ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఉంది. వాడి వెనకే, ఆపడానికన్నట్టు కొడుకు చొక్కా పట్టుకుని, ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత తెరేసమ్మ.

తాడు పెరట్లో నాగలి మీద ఉంది! దీవెన రాత్రి అక్కడే పెట్టింది. మొగుడి మంచితనానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అది... సంపూర్ణమ్మ ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే! పెరట్లోకి పరుగెత్తి, తాడు చుట్ట చేసి, నీళ్లకాగు కింద మండుతున్న పొయ్యిలోకి తోసేసింది. చేతులు కొంగుకి తుడుచుకునేలోగా జయపాల్ సందులోంచి పెరట్లోకి వచ్చేశాడు.

"మా నాన్నని చంపిన ఇనుముకి రంగులేస్తున్నారంటగా! కాలేజీలో దండ వేసి నిలబెడతారంటగా! సిగ్గుందా మీకు?" అరుస్తూనే నాగలి దగ్గరికి వెళ్లాడు. కాలెత్తి తన్నబోయి ఆగిపోయాడు. ఎంతైనా మెకానిక్ చూపు కదా! చక్రాన్ని చూశాడు. దాని పక్కన పళ్ల చక్రాన్ని చూశాడు. వంగి కొక్కేన్ని వేలితో కదిపాడు. వాడి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేంటి... ఇది చక్రం తిరక్కుండా దిగదు కదా?" మెల్లిగా అన్నాడు. "బండి ఆగుందన్నారు అందరూ. కదిలితే... ఎవరు కదిలించారు?"

దీవెన పెదవులు కదిలాయి. బాలశౌరి గోడ పట్టుకుని నిలబడ్డాడు. తెరేసమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అందరూ చూస్తున్నది సంపూర్ణమ్మనే! ఇరవై తొమ్మిదేళ్లు ఆయన మీది మచ్చ పోవాలని ఏడ్చి ఏడ్చి ప్రార్థించింది ఆవిడే. ఒక్క మాట చాలు, మొగుడి తల మీద బండరాయి దిగిపోతుంది. ఆ మాట నాలుక చివర ఉంది. జయపాల్ ముఖం చూసింది. అచ్చం బావగారి ముఖం. చొక్కా జేబులోంచి వాడి కొడుకు ఫొటో పైకి కనిపిస్తోంది, ఐదారేళ్లు ఉంటాయేమో... కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇక్కడ పడేది ఈ బిడ్డ తల మీద!

సంపూర్ణమ్మ కిటికీ దగ్గరికి నడిచి పాత కొక్కెం తెచ్చి వాడి అరచేతిలో పెట్టింది.

"నువ్వు చూస్తున్నది కొత్తది నాయనా, మొన్న చేయించాం. ఆ రోజు ఉన్నది ఇది. చూడు, ఎంత అరిగిపోయిందో! దీంతో చక్రం తిరిగినా ఒకటే, తిరక్కపోయినా ఒకటే. సీట్లోంచి దిగుతుంటే మీ చిన్నాన్న కాలు తాడుకి తగిలింది. కొక్కెం జారి నాగలి పడిపోయింది. కావాలని కాదురా... కావాలని కాదు!"

జయపాల్ ఆ ఇనప ముక్కని తిప్పి తిప్పి చూశాడు. అరిగిన అంచు మీద బొటనవేలు రాశాడు. వాడి భుజాలు కిందికి దిగాయి. "కసితో లాగాడన్నారు పిన్నీ... చిన్నప్పట్నుంచీ అదే విన్నాను. కసితో కాదా?"

'పిన్నీ' అన్నాడు! సంపూర్ణమ్మ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. వాడు బాలశౌరి వైపు ఒకసారి చూసి, కళ్లు తుడుచుకుంటూ వీధిలోకి వెళ్లిపోయాడు.

తెరేసమ్మ మాత్రం కదల్లేదు. ఆవిడ చూపు నీళ్లకాగు పొయ్యి మీద ఉంది. కట్టెల మధ్య తాడు ఎర్రగా కాలుతోంది. చిన్న పిడికి చుట్టిన ఆకుపచ్చ గుడ్డ ఒక కొస ఇంకా అంటుకోలేదు. ఆవిడ దాన్ని చూసింది. తోటికోడల్ని చూసింది. తర్వాత వంగి, పక్కనున్న పుల్లతో ఆ కొసని తనే మంటలోకి నెట్టింది. కొడుకు వెనక వెళ్లిపోయింది.

*

సాయంత్రం ఊరంతా సమాధుల దొడ్డిలో ఉంది. ఫాదర్ గారు తీర్థం చల్లుతూ వరసగా వెళుతున్నారు. బంతిపూలు, అగరొత్తులు, ఎక్కడ చూసినా కొవ్వొత్తుల వెలుగు. బాలశౌరి ఎప్పటిలాగే గేటు బయట, ప్రహరీ గోడ పక్కన నిలబడ్డాడు. అగ్గిపుల్ల గీశాడు, గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీయబోతుంటే ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నారు.

తెరేసమ్మ!

"అక్కడ కాదు శౌరీ. లోపలికి రా."

"వదినా... మీ ఆన..."

"నా ఆన నాకే తగిలింది. చాలు!" ఆవిడ సంపూర్ణమ్మ చెయ్యి కూడా పట్టుకుని, ముగ్గురికే వినిపించేలా గొణిగింది. "ఆ రాత్రే మా పిల్లాడు నాతో చెప్పాడే. సరిగ్గా లాగానమ్మా అన్నాడు. వాడి నోరు మూశాను... పొద్దున శౌరి నేనే అంటే నోరెత్తలేదు. మిమ్మల్ని చూస్తే ఎప్పుడో ఒకప్పుడు వాడికి గుర్తొస్తుందని తలుపులు వేసుకున్నాను. నా బిడ్డ కోసం మిమ్మల్ని మంటల్లో నిలబెట్టానే! ఇవ్వాళ ఆ తాడు నువ్వు కాల్చకపోతే..."

"ఊరుకో అక్కా." సంపూర్ణమ్మ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "పిల్లాడు చూస్తున్నాడు."

సమాధి దగ్గర జయపాల్ నిలబడి ఉన్నాడు. చిన్నాన్న వస్తుంటే పక్కకి జరిగి చోటిచ్చాడు. బాలశౌరి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొవ్వొత్తి నిలవడం లేదు. జయపాల్ వంగి తనే వెలిగించి, గాలికి ఆరిపోకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు.

"నెమ్మదిగా చిన్నాన్నా... నేను పట్టుకుంటాను."

బాలశౌరి సిలువ గుర్తు వేసుకున్నాడు. చల్లటి సిమెంటు మీద నుదురు ఆనించాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా అన్నతో చెప్పాలని దాచుకున్న మాట ఎంత పెద్దదో అనుకుంది సంపూర్ణమ్మ. ఆవిడకి వినిపించింది ఇంతే.

"అన్నయ్యా... పిల్లాడు బాగున్నాడు."